కలోంజీ అన్ని రోగాలకూ మందేనా? హదీసుల్లోని వైద్యాన్ని పరీక్షకు పెట్టొచ్చా?

కర్నూలు_కుర్రాడు:
మా మామూకు పదకొండేళ్లుగా షుగర్. రెండు నెలల క్రితం వాట్సాప్‌లో ఒక వీడియో చూసి షుగర్ మాత్రలు ఆపేశారు. రోజూ ఫజర్ నమాజ్ అయ్యాక చెంచాడు కలోంజీ (నల్ల జీలకర్ర) నూనెలో తేనె కలుపుకుని తాగుతున్నారు. "నల్ల గింజలో చావుకు తప్ప అన్ని రోగాలకూ స్వస్థత ఉంది" అన్న బుఖారీ సంకలనంలోని హదీసే (ప్రవక్త మాటల నమోదు) ఆయన ధైర్యం. మొన్న పరగడుపున చూస్తే 312. మాత్ర వేసుకోండి మామూ అంటే, "ప్రవక్త మాట మీద నీకు నమ్మకం లేదా?" అన్నారు. నేనూ అయిదు పూటలా నమాజ్ చదివేవాణ్నే. నోట మాట రాలేదు. ఈ హదీసుల్ని సైన్స్‌తో పరీక్షించడం తప్పా?

మందుల_కొట్టు_అక్క:
తమ్ముడూ, ముందు మామయ్యను ఇవాళే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. చర్చ తర్వాత చూద్దాం.

కలోంజీలో థైమోక్వినోన్ అనే పదార్థం ఉంది. మనుషుల మీద చేసిన చిన్న చిన్న పరీక్షల్లో షుగర్, కొలెస్ట్రాల్ కొంత తగ్గినట్టు కనిపించింది. కానీ షుగర్ మీద చేసిన పరీక్షలు చాలావాటిలో రోగులు మాత్రలు వేసుకుంటూనే దాన్ని తీసుకున్నారు. వీడియోల్లో ఈ ముక్క చెప్పరు. ఇక తేనె అంటారా, షుగర్ ఉన్నవాళ్లకు అదీ చక్కెరే. ఇంకోటి, "నల్ల జీలకర్ర" అని అడిగితే కొన్ని కొట్లలో షాజీరా పొట్లం కడతారు. అది వేరే మొక్క.

గుంటూరు_భాయ్:
అక్కా, ఆరోగ్యం గురించి మీరు చెప్పింది సరే. నా బాధ వేరు. సైన్స్ ఇవాళ ఒకటంటుంది, రేపు మారుస్తుంది. సహీ, అంటే ప్రామాణికమైన హదీసును దానితో తూచడమేంటి? తేనె పుండ్లు మాన్పుతుందని ఇప్పుడు డాక్టర్లే అంటున్నారుగా. అయినా ప్రతిసారీ మా మతాన్నే ఎందుకు బోనెక్కిస్తారు?

హేతువు:
భాయ్, మీ మతాన్నే కాదు. మృగశిర కార్తె నాడు నాంపల్లిలో వేసే చేప మందునీ, 2021లో కరోనాకని జనం ఎగబడ్డ కృష్ణపట్నం మందునీ ఇదే ప్రశ్న అడిగాం, తిట్లూ తిన్నాం. కాలిన గాయాలు కొన్ని తేనెతో త్వరగా మానతాయని మనకెలా తెలిసింది? వేరే కట్లతో పోల్చి చూశారు కాబట్టే. ఏడాది లోపు పిల్లలకు తేనె నాకించకూడదని, బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వస్తుందని చెప్పిందీ ఆ సైన్సే. మొదటిది ఒప్పుకుని రెండోది కాదంటే ఎలా? ఒంటె మూత్రం తాగడం గురించీ హదీసు ఉంది. ఒంటెల నుంచి సోకే మెర్స్ వైరస్ జబ్బు వచ్చాక, 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అది తాగొద్దని చెప్పాల్సి వచ్చింది.

అరబీ_చదివినవాడు:
గుంటూరు భాయ్, ఈ ప్రశ్న బయటివాళ్లు తెచ్చింది కాదు. మన పెద్దలే అడిగారు.

ప్రవక్త వైద్యం మీద పెద్ద గ్రంథం రాసిన ఇబ్న్ అల్ ఖయ్యిం 1350లో డమాస్కస్‌లో పోయారు. "అన్ని రోగాలకూ" అన్న మాటను ఆయన ఉన్నదున్నట్టు పట్టుకోలేదు. ఖురాన్‌లో ఒక గాలి "అన్నిటినీ" నాశనం చేసిందని ఉంటే, నాశనమయ్యే వాటన్నిటినీ అని కదా అర్థం, ఇదీ అలాగేనన్నారు. కలోంజీ ముఖ్యంగా శీతల రోగాలకు (ఒంట్లో చలువ వల్ల వస్తాయని అప్పటి వైద్యం అనుకున్నవాటికి) మందని వివరించారు.

1377లో ముఖద్దిమా అనే గ్రంథం రాసిన చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ ఇంకా సూటిగా చెప్పారు: హదీసుల్లోని వైద్యం అరబ్బుల అనుభవ వైద్యం, అది వహీలో (దైవవాణిలో) భాగం కాదు, ప్రవక్త వచ్చింది షరియత్ (మత ధర్మం) నేర్పడానికి. అందుకు ఆయన చూపించింది ఖర్జూర తోట సంగతి. మదీనా రైతులు మగ పూల పుప్పొడిని ఆడ గెలల్లో పెడుతుంటే, దానివల్ల ఏం లాభముందన్నారు ప్రవక్త. వాళ్లు మానేశారు. కాపు పాడైంది. అప్పుడు ఆయన అన్నారు, "మీ లోక వ్యవహారాలు మీకే బాగా తెలుసు" అని. ఇది సహీ ముస్లిం అనే హదీసు సంకలనంలో ఉంది. చదివిన ప్రతిసారీ నాకు కళ్లు చెమరుస్తాయి. కాపు చూసి తన మాట సరిచేసుకున్న మనిషి పేరు చెప్పి మనం రక్త పరీక్ష వద్దంటామా?

గుంటూరు_భాయ్:
ఇబ్న్ ఖల్దూన్ మాటను ఒప్పుకోని ఉలమా (మత పండితులు) చాలామంది ఉన్నారు, నేనూ ఒప్పుకోను. స్వస్థత అల్లా చేతిలోనే ఉంది. కానీ ఆ హదీసులో మాత్రలు మానమని ఎక్కడా లేదు. "ఒంటెను కట్టెయ్, తర్వాత అల్లా మీద భారం వెయ్" అన్నదీ హదీసే. కర్నూలు తమ్ముడూ, మీ మామూకు ఇది చెప్పు. హిజామా (గాట్లు పెట్టి రక్తం తీసే వైద్యం) కూడా చేయిస్తున్నారా?

కర్నూలు_కుర్రాడు:
అవును భాయ్, నెలకోసారి. ఆయన గుండెకు రక్తం పల్చబడే మాత్ర కూడా వాడతారు. దాన్ని మాత్రం మానలేదు.

మందుల_కొట్టు_అక్క:
అయితే హిజామా ఆపాలి. ఆ మాత్ర మీద ఉండగా గాట్లు పెట్టి రక్తం తీస్తే త్వరగా ఆగదు. బ్లేడు కొత్తది కాకపోతే హెపటైటిస్ భయం. ఆయన ముందు ఈ మాట డాక్టరుకు చెప్పు.

కర్నూలు_కుర్రాడు:
రేపు ఉదయానికి అపాయింట్‌మెంట్ దొరికింది. ఇబ్న్ అల్ ఖయ్యిం రాసిన పేజీ ఉర్దూలో ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటో పెట్టండి. డాక్టరు మాట వినకపోయినా, అది చదివితే వింటారు.