తాము గేమ్‌లో ఉన్నామని తెలిసిన క్యారెక్టర్లు ఉన్న గేమ్స్ చెప్పండి

ప్రశ్న: ఊరికే మన వైపు తిరిగి జోకేసే టైపు వద్దు, చూసి చూసి విసుగొచ్చింది. సేవ్ (ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకోవడం), లోడ్ (దాచిన చోటికి మళ్ళీ వెళ్ళడం) ఇవన్నీ నిజంగా తెలిసి, దాన్ని బట్టి నడుచుకునే క్యారెక్టర్లు ఎందులో ఉన్నారు?

జవాబు: అండర్‌టేల్ (2015) ఆడు బ్రో. మొదట్లో టోరియెల్ అనే క్యారెక్టర్‌ని చంపేసి, మనసొప్పక పాత సేవ్ లోడ్ చేసి ఈసారి వదిలేశావనుకో, కాసేపటికి ఫ్లోయీ అనే పువ్వు వచ్చి నువ్వేం చేశావో నాకు తెలుసులే అని మొహం మీదే అనేస్తాడు, లోడ్ చేస్తే చేసిందంతా చెరిగిపోతుందని మనకుండే ధీమా మీదే దెబ్బ. పైగా ఒకప్పుడు ఆ సేవ్ పవర్ వాడిదే, అందరితో మంచిగా ఉండి చూశాడు, బోర్ కొట్టి చంపి కూడా చూశాడు, అంటే అచ్చం మనలాంటి ప్లేయరే అన్నమాట.

జవాబు: డోకి డోకి లిటరేచర్ క్లబ్ (2017). డేటింగ్ గేమ్‌లో తనకి మాత్రం రూట్ (ప్లేయర్‌తో ప్రేమకథ నడిచే దారి) లేదని మోనికా అనే అమ్మాయికి తెలుసు, అందుకే మిగతా అమ్మాయిల ఫైల్స్‌లో వేలు పెడుతుంది. చివరికి గేమ్ ఫోల్డర్ తెరిచి ఆమె ఫైల్ మనమే డిలీట్ చేయాలి. ఆత్మహత్య సీన్ ఉంది, చూసుకుని ఆడు.

జవాబు: 1998లోనే మెటల్ గేర్ సాలిడ్‌లో సైకో మాంటిస్ అనే విలన్ మన సేవ్‌లు ఉండే మెమరీ కార్డ్ చదివేశాడు, ఫైట్‌లో కంట్రోలర్ రెండో పోర్ట్‌కి మారిస్తే దారికొస్తాడు.

ప్రశ్న అడిగినవాడు: మాంటిస్‌ది గమ్మత్తే గానీ అది ఒక్క ఫైట్ వరకే కదా, కథంతా దాని మీద నడవదు. ముందు అండర్‌టేల్ మొదలెడతా, ఇంకెవరూ స్పాయిలర్లు చెప్పకండి ప్లీజ్.