ఒక్క సెనేటర్ కాదంటే బిల్లు ఆగిపోవాలా?

డాలస్ తండ్రి:
2019 జులై 10న గ్రీన్ కార్డుల బిల్లు అమెరికా ప్రతినిధుల సభలో 365–65 ఓట్లతో నెగ్గింది. ఉద్యోగ కోటాలో ఒక్కో దేశానికి ఉన్న 7 శాతం పరిమితిని ఎత్తేసే బిల్లు అది. ఆ రాత్రి మా ఇంట్లో పాయసం వండుకున్నాం. తరువాత ఎగువ సభ సెనేట్‌లో సెనేటర్ మైక్ లీ ఏకగ్రీవ సమ్మతి కోరారు, అంటే ఎవరూ కాదనకపోతే ఓటింగు లేకుండానే ఆమోదం. నేను పని పక్కన పెట్టి ఫోనులో చూస్తున్నాను. ఒక సభ్యుడు లేచి ‘నాకు అభ్యంతరం ఉంది’ అన్నారు. అంతే, ఆగిపోయింది. 365 మంది మాటకు విలువ ఏదీ?

సివిక్స్ టీచరు:
అన్నా, మీ బాధ అర్థమవుతుంది. కానీ ఆపింది ఆ ఒక్కరే అనుకోవడం పొరపాటు. ఏకగ్రీవ సమ్మతి అడ్డదారి. అందులో ఒక్కరు వద్దన్నా కుదరదు. అసలు దారి తెరిచే ఉంది: బిల్లును సభ ముందుకు తెచ్చి, చర్చ ముగించడానికి 60 ఓట్లు కూడగట్టాలి. దానికి రోజుల కొద్దీ సభా సమయం కావాలి. ఆ సమయం ఎవరికి ఇవ్వాలో తేల్చేది మెజారిటీ పక్ష నాయకుడు. మీ కోపం ఆ కుర్చీ మీదికి మళ్లాలి.

బోస్టన్ పరిశోధకురాలు:
అభ్యంతరంలోనూ న్యాయం ఉందండీ. ఉద్యోగ కోటా ఏటా సుమారు 1,40,000. దాన్ని పెంచకుండా పరిమితి మాత్రం తీసేస్తే, మా ల్యాబులోని నేపాల్ అమ్మాయి ఎప్పటినుంచో ఎదురుచూస్తున్న మన భారతీయుల వెనక వరుసలో నిలబడాలి. ఆమె తరఫున మాట్లాడేవారు సభలో ఒక్కరైనా ఉండవద్దా?

డాలస్ తండ్రి:
ఉండాలమ్మా. మాట్లాడాలి, ఓటింగులో ఓడించాలి. ఓటింగే జరగనివ్వకపోవడం వేరు. 2020 డిసెంబరు 2న అదే ఏకగ్రీవ పద్ధతిలో సెనేట్ కూడా ఆమోదించింది. అయితే రెండు సభలు ఆమోదించిన బిల్లుల్లోని మాటలు వేరు. వాటిని కలిపేలోగా 2021 జనవరి 3న ఆ కాంగ్రెస్ గడువు ముగిసి రెండూ చచ్చిపోయాయి. ఆ మధ్యలోనే మా అబ్బాయికి 21 నిండి, నా మీద ఆధారపడి వచ్చిన హెచ్-4 వీసా పోయింది. ఆరేళ్ల వయసు నుంచి ఇక్కడే చదివిన పిల్లవాడు విద్యార్థి వీసా కోసం దరఖాస్తు పెట్టుకున్నాడు.

సివిక్స్ టీచరు:
ఆరు లక్షల జనాభా కూడా లేని వయోమింగ్‌కూ, నాలుగు కోట్లకు చేరువైన కాలిఫోర్నియాకూ చెరో ఇద్దరు సెనేటర్లు. అది రాజ్యాంగం రాసిన 1787 నాటి ఒప్పందం. ఆ సమాన వాటా కోల్పోయే రాష్ట్రమే ఒప్పుకోకపోతే రాజ్యాంగ సవరణతో కూడా మార్చలేరు. 60 ఓట్ల నిబంధన అలా కాదు. రాజ్యాంగంలో దాని ఊసే లేదు, సెనేట్ తనకు తాను పెట్టుకున్నది. న్యాయమూర్తులు, అధికారుల నియామకాల విషయంలో 2013లో, 2017లో తనే సడలించుకుంది. బిల్లులకూ సడలించమని అడగవచ్చు.

డాలస్ తండ్రి:
అడగడానికి నాకు ఓటు లేదు. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. 2030లో టెక్సాస్ సెనేట్ స్థానానికి ఎన్నిక జరిగేనాటికి దానికి 18 నిండుతాయి. మన ఈ చర్చ దానితోనే చదివిస్తాను.