స్లాబ్ ఇంటి మీద సోలార్ ప్యానెళ్లు ఎంత ఎత్తులో పెట్టాలి?

మాది బాపట్ల దగ్గర ప్రభుత్వ కాలనీలో 340 చదరపు అడుగుల స్లాబ్ ఇల్లు. మే నెలలో రాత్రి 10కి బయట 31 డిగ్రీలుంటే బెడ్‌రూమ్‌లో 36, ఫ్యాన్ వేస్తే పైనుంచి వేడిగాలే. స్లాబ్‌కి కూల్ పెయింట్ వేశాం, తడి గోనెసంచులు పరిచాం (తాగే నీళ్లకే ఇబ్బంది, అది రోజూ కుదిరే పని కాదు), పడమటి గోడకి గ్రీన్ నెట్ కట్టాం, తగ్గింది మహా అయితే ఒక డిగ్రీ. ఇప్పుడు పీఎం సూర్యఘర్ (ఇళ్ల మీద సోలార్‌కి కేంద్రం ఇచ్చే సబ్సిడీ పథకం) కింద 2 కిలోవాట్ల సోలార్ పెట్టిస్తున్నాం, 60 వేలు సబ్సిడీ. నాలుగు ప్యానెళ్లు, 110 చదరపు అడుగులు, అంటే బెడ్‌రూమ్ పైన నీడకి సరిపోతాయి. ఫిట్టింగ్ అతను అడుగు ఎత్తు చాలంటాడు, పక్కింటాయన ఏడడుగులు లేపితేనే కింద గాలి ఆడుతుందంటాడు, మాకేమో తుఫాను గాలులంటే టెన్షన్. ఇలాంటి ఇంటి మీద పెట్టించుకున్నవాళ్లు చెప్పండి, గది చల్లబడాలంటే ప్యానెల్‌కీ స్లాబ్‌కీ మధ్య ఎన్ని అడుగులు వదలాలి?