అప్‌డేట్: బాచుపల్లిలో ఫ్లాట్ కొన్నాం

దిల్‌సుఖ్‌నగర్ అద్దె ఇల్లు వదిలి, హైదరాబాద్‌లోనే ఇంకో మూల, ఎవరూ తెలియని బాచుపల్లిలో ఫ్లాట్ కొనొచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. కొన్నాం. వచ్చి నాలుగు నెలలైంది.

మీరు చెప్పినట్టే 30 ఏళ్ల ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీయించాం, రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) ప్రాజెక్టు రిజిస్టరై ఉందో లేదో చూసుకున్నాం. మొదట నచ్చిన ఫ్లాట్ చెరువు ఎఫ్‌టీఎల్‌ను (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) ఆనుకుని ఉందని నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ మ్యాపులో తేలింది, వదిలేశాం. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక అలాంటి చోట కొనే ధైర్యం నాకు లేదు. మెట్రో కావాలంటే మియాపూర్ వెళ్లాలి, అలవాటైంది.

నా టెన్షనంతా అమ్మ గురించే. మొదటి నెలంతా బాల్కనీలోనే కూర్చుని, "పలకరించే దిక్కే లేదురా" అనేది. ఇప్పుడు కింది ఫ్లోర్ పిన్నిగారితో కలిసి సాయంత్రం గుడికి వెళ్తోంది. పాప మాత్రం పాత స్నేహితుల కోసం ఇంకా బెంగపడుతోంది. రెండు వారాలకోసారి ఆదివారం అక్కడికి తీసుకెళ్తున్నాం.