గెయిన్ రేషియో వాడినా రోజు సంఖ్యే ముందుకు వస్తోంది, ఎందుకు?

ప్రశ్న: నమస్కారం. రాస్ క్విన్లన్ 1986 నాటి ఐడీ3 (డెసిషన్ ట్రీని తయారుచేసే పద్ధతి) వ్యాసంతో ప్రసిద్ధమైన 14 వరుసల వాతావరణ ఉదాహరణపై డెసిషన్ ట్రీని (లక్షణాలను బట్టి కొమ్మలుగా విడిపోతూ జవాబు చెప్పే చెట్టును) చేత్తో లెక్కిస్తున్నాను. ఆ రోజు ఆట ఆడవచ్చా అన్నదానికి ‘అవును’, ‘కాదు’ అనేవే జవాబులు. 1 నుంచి 14 వరకు రోజు సంఖ్యను కూడా ఒక లక్షణంగా చేర్చగా, ఇన్ఫర్మేషన్ గెయిన్ (విడదీశాక అనిశ్చితి ఎంత తగ్గిందన్న కొలత) దానికే ఎక్కువ వచ్చింది. గెయిన్ రేషియోతో ఈ లోపం తొలగిపోతుందని చదివాను కానీ, అప్పుడూ అదే ముందుంది. ఎక్కడ పొరబడ్డాను?

సమాధానం: మీ లెక్క సరైనదేనండీ. 9 ‘అవును’, 5 ‘కాదు’ కాబట్టి మొదటి ఎంట్రోపీ (జవాబులోని అనిశ్చితి) 0.940 బిట్లు. ఆకాశ స్థితిని బట్టి విడదీస్తే ‘అవును’–‘కాదు’ లెక్క ఎండలో 2–3, మబ్బులో 4–0, వానలో 3–2గా వస్తుంది. వాటి సగటు ఎంట్రోపీ 0.694, గెయిన్ 0.247. రోజు సంఖ్యతో విడదీస్తే ప్రతి కొమ్మలో ఒక్క వరుసే మిగులుతుంది కనుక ఎంట్రోపీ సున్నా అయి, గెయిన్ మొత్తం 0.940 దానికే దక్కుతుంది.

గెయిన్ రేషియో ఈ విలువను విభజన ఎంట్రోపీతో (వరుసలు కొమ్మల మధ్య ఎంతగా చీలాయో చెప్పే కొలతతో) భాగిస్తుంది. రోజు సంఖ్యకు అది 2 ఆధారంగా 14 యొక్క సంవర్గమానం, అంటే 3.807; ఆకాశ స్థితికి 1.577. భాగిస్తే వరుసగా 0.247, 0.156 వస్తాయి (పై 0.247తో ఇది కలవడం యాదృచ్ఛికమే). వరుసలు పెరిగే కొద్దీ రోజు సంఖ్యకు హారం పెరుగుతుంది కానీ, సంవర్గమానం కాబట్టి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఇదే పట్టికను అవే నిష్పత్తులతో 56 వరుసలకు పెంచినా రోజు సంఖ్యే గెలుస్తుంది. 70 వరుసలకు పెంచితే దాని విలువ 0.153కు తగ్గి, ఆకాశ స్థితి ముందుకు వస్తుంది. అందుచేత చిన్న పట్టికల్లో గుర్తింపు సంఖ్యల కాలమ్‌ను శిక్షణకు ముందే తీసివేయండి. 15వ రోజుకు ఆ చెట్టులో కొమ్మే ఉండదు కదా.

అనుబంధ ప్రశ్న: ధన్యవాదాలండీ. ‘మబ్బు ఉంటే అవును’ వంటి నియమాలను నేర్చుకునే పద్ధతుల్లోనూ ఇదే చిక్కు ఉంటుందా?

సమాధానం: అది ఎంచుకున్న కొలతను బట్టి ఉంటుంది. క్విన్లన్ 1990లో ప్రతిపాదించిన ఫాయిల్ పద్ధతి, నియమం చేర్చాక ‘అవును’ నిష్పత్తి సంవర్గమానం ఎంత పెరిగిందో చూసి, ఆ పెరుగుదలను నియమం పరిధిలోకి వచ్చిన ‘అవును’ల సంఖ్యతో గుణిస్తుంది. ‘మబ్బు’ నియమానికి 4 × 0.637, అంటే 2.55, ‘3వ రోజు’ నియమానికి 0.637 మాత్రమే. ఖచ్చితత్వాన్ని మాత్రమే కొలిస్తే ఆ రెండు నియమాలూ 100 శాతం వద్ద సమానమైపోతాయి, వాటిలో దేన్ని ఎంచుకోవాలో ఆ కొలత చెప్పలేదు.