అప్‌డేట్: సొరోరిటీ చాప్టర్ పన్ను మినహాయింపు రద్దు సంగతి

ముందు అడిగింది క్లుప్తంగా: అమెరికాలో చిన్న కాలేజీ సొరోరిటీ (విద్యార్థినుల సంఘం) చాప్టర్, అంటే స్థానిక శాఖ; సోషల్ క్లబ్బులకి వర్తించే పన్ను చట్టం సెక్షన్ 501(సి)(7) కింద ఆదాయపు పన్ను మినహాయింపు. ట్రెజరర్లు ఏటా మారడంతో వరుసగా మూడేళ్లు 990-ఎన్ (చిన్న సంస్థలు ఏటా ఆన్‌లైన్‌లో వేసే క్లుప్తమైన రిటర్న్) వెయ్యలేదు. మినహాయింపు దానంతటదే రద్దయింది. ఇప్పుడేం చెయ్యాలి?

దారి ఉంది. ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) రద్దు నోటీసు తేదీ, దాని వెబ్‌సైట్‌లోని రద్దుల జాబితాలో పేరెక్కిన తేదీ, ఈ రెండిట్లో ఏది తర్వాతదైతే అక్కణ్ణుంచి 15 నెలల్లోపు ఫారం 1024 (మినహాయింపు దరఖాస్తు) పే.గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఫీజు 600 డాలర్లు. ఆమోదిస్తే రద్దయిన రోజు నుంచే మినహాయింపు తిరిగొస్తుంది. ఈ సులువు పద్ధతి 990-ఎన్ గానీ 990-ఈజెడ్ (దానికన్నా కాస్త పెద్ద రిటర్న్) గానీ వేసే అర్హత ఉన్నవాళ్లకే, అదీ మొదటిసారి రద్దయితేనే.

చిక్కంతా రాబడి లెక్కలో. 990-ఎన్‌కి స్థూల రాబడి మూడేళ్ల సగటు 50,000 డాలర్లు దాటకూడదు. ఇక్కడ బ్యాంకులో పడ్డదంతా కలిపేస్తున్నారు. జాతీయ కార్యాలయం తరఫున వసూలు చేసి, వాడుకునే హక్కేమీ లేకుండా యథాతథంగా పంపేసే ఫీజు చాప్టర్ రాబడి కాదు. దానికి లెడ్జర్‌లో వేరే పద్దు పెట్టాలి. ఖర్చులు మాత్రం తీసెయ్యకూడదు: ఫార్మల్ పార్టీ టికెట్ల మీద 4,000 వచ్చి హాలుకి 3,800 పోయినా రాబడి 4,000 డాలర్లే.

అసలు దెబ్బ గడువు దగ్గర. ఖాతా సంవత్సరం జూన్ 30తో ముగిస్తే రిటర్న్ నవంబర్ 15కి వెయ్యాలి. నోటీసులేమో పాత ట్రెజరర్ చిరునామాకి! బాధ్యుల పేరు మారిన 60 రోజుల్లో ఆ మార్పు ఐఆర్‌ఎస్‌కి తెలిపే ఫారం 8822-బి పంపాలి.