రెండు మానిటర్లు ఉంటే మెయిల్‌ను రెండింటి మీదా పెట్టుకోవాలా?

తెనాలి ఆడిటర్: ఆఫీసులో ల్యాప్‌టాప్‌కి తోడు ఒక మానిటర్ ఇచ్చారు. అవుట్‌లుక్ ఇన్‌బాక్స్ ఒకదాని మీద, క్యాలెండర్ రెండోదాని మీద ఎప్పుడూ కనబడేలా పెట్టుకుందామని ఉంది. పక్క సీటాయన మాత్రం మెయిల్ ఒక్క విండోలోనే ఉండాలి, లేకపోతే రోజంతా అదే పని అయిపోతుంది అంటున్నారు. మీరేమంటారు?

ఒకే కిటికీ: మీ పక్క సీటాయనదే నా మాట. పైగా మీటింగ్‌లో స్క్రీన్ మొత్తం షేర్ చేశారనుకోండి, మీ క్యాలెండర్‌లో ఏముందో క్లయింటు కూడా చదువుతాడు.

కాకినాడ కాజా: షేర్ చేసేటప్పుడు ఒక్క విండోనే ఎంచుకోవచ్చు కదండీ. ఆడిటర్ గారూ, మీది పాత (క్లాసిక్) అవుట్‌లుక్ అయితే క్యాలెండర్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్ ఇన్ న్యూ విండో’ నొక్కి, వచ్చినదాన్ని రెండో మానిటర్ మీదికి లాగేయండి. ప్రోగ్రామ్ రెండుసార్లు నడుస్తుందని టెన్షన్ వద్దు, నడిచేది ఒక్కటే, విండోలు రెండు. సాయంత్రం ఒక్కో విండోనూ ఇంటూ గుర్తుతో మూయకుండా ఫైల్ మెనూలోంచి ‘ఎగ్జిట్’ కొట్టండి. మర్నాడు రెండూ కలిసే తెరుచుకుంటాయి.

ఇక రోజంతా అదే పని అవుతుందన్న వాదన. నా అనుభవం దానికి సరిగ్గా వ్యతిరేకం. ఒకే విండో ఉన్నప్పుడు మూడింటికి ఖాళీయేనా అని చూడాలన్నా ఇన్‌బాక్స్ మీదుగానే వెళ్లాలి. వెళ్లామా, కొత్త మెయిల్ కంటబడుతుంది, ఇక అక్కడే అరగంట. క్యాలెండర్ విడిగా ఉంటే ఇన్‌బాక్స్‌ను మినిమైజ్ చేసి పడేయొచ్చు. దృష్టి చెదరగొట్టేది మూలన ఎగిరే నోటిఫికేషన్. ఆప్షన్స్‌లో మెయిల్ విభాగంలోకి వెళ్లి డెస్క్‌టాప్ అలర్ట్ తీసేయండి.

లినక్స్ బాబాయ్: లినక్స్‌లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ వాడేవాళ్లకి ఒక మాట. రెండో మానిటర్ కోసం ప్రోగ్రామ్‌ను ఇంకోసారి తెరవబోతే కుదరదు. ఒక ప్రొఫైల్‌ను, అంటే మీ మెయిళ్లు, సెట్టింగ్స్ దాచే ఫోల్డర్‌ను, ఒకసారి ఒక ప్రాసెసే (నడుస్తున్న ప్రోగ్రామే) వాడగలదు, ఇంకోటి రాకుండా దానికి తాళం ఫైలు ఉంటుంది. ఉన్నదాంట్లోనే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కొత్త విండో తీసుకోండి. లినక్స్‌లో తెర మీద విండోలు చూపించే కొత్త పద్ధతి వేలాండ్‌లో అయితే విండో తన చోటు తాను నిర్ణయించుకోలేదు, అంతా విండోలను తెర మీద పేర్చే కంపోజిటర్ ఇష్టం. కేడీఈ అనే లినక్స్ డెస్క్‌టాప్‌లో విండో రూల్ రాసుకుంటే ఏ మానిటర్‌కి పంపాలో అది చూసుకుంటుంది.

తెనాలి ఆడిటర్: కాజా గారూ, పెట్టేశాను, బాగుంది. కానీ ల్యాప్‌టాప్ మీద అక్షరాలు సరిగా ఉన్నాయి, మానిటర్ మీదికి లాగితే మసకగా ఉన్నాయి.

కాకినాడ కాజా: ల్యాప్‌టాప్ స్కేలింగ్ (అక్షరాలను పెద్దవి చేసి చూపే సెట్టింగ్) 150 శాతం, మానిటర్‌ది 100 ఉండి ఉంటుంది. ఆప్షన్స్‌లో జనరల్ కింద మల్టిపుల్ డిస్‌ప్లేలకు ‘బెస్ట్ అప్పియరెన్స్’ ఎంచుకుని అవుట్‌లుక్ మూసి తెరవండి.

ఒకే కిటికీ: చూశారా, అప్పుడే రిపేర్లు మొదలయ్యాయి! రేపు కేబుల్ పీకి మీటింగ్‌కి వెళ్తే క్యాలెండర్ ఎటు పోయిందో వెతుక్కోవాలి.

కాకినాడ కాజా: విండోస్ 11 అయితే కేబుల్ మళ్లీ పెట్టగానే ఎక్కడివక్కడ సర్దుతుందండీ, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఆ టిక్కు ఉండాలంతే. తప్పిపోయిన విండోను విండోస్, షిఫ్ట్, బాణం మీటలతో ఈ మానిటర్ మీదికి తెచ్చుకోవచ్చు.